క్లౌడ్ నిల్వ సేవలు – వాటి విశ్వసనీయత

ఛాయాచిత్రములు, లేఖలు, లెక్కలు, ధ్రువపత్రములు మొదలగు స్వంత ఫైళ్లను ఇంటియందలి కంప్యూటరులోనో చేతిలోని ఫోనులోనో మాత్రమే ఉంచుకొనక, ఇంటర్నెట్టు ద్వారా ఒక వాణిజ్య సంస్థ యొక్క సుదూర యంత్రములలో భద్రపరచి, కోరినపుడు కోరిన చోటి నుండి తిరిగి పొందుటకు వీలు కల్పించు ఏర్పాటును క్లౌడ్ నిల్వ యందురు. గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్, వన్‌డ్రైవ్, ఐక్లౌడ్ అనునవి ఈ సేవలలో లోకప్రసిద్ధములు. వీనిని నమ్మవచ్చునా యను ప్రశ్న వినుటకు ఒక్కటిగా తోచినను, అందు మూడు వేర్వేరు ప్రశ్నలు ఇమిడియున్నవి: అప్పగించిన ఫైలు చెడక నిలుచునా, నిలిచినదానిని పరులు చూడకుందురా, అడిగిననాడు అది యజమానికి దక్కునా. మన్నిక, గోప్యత, స్వాధీనత యను ఈ మూడు గుణములలో ఒకదానియందు ఉత్తమముగా నున్న సంస్థ మరియొకదానియందు దుర్బలముగా నుండవచ్చును. గడచిన రెండు దశాబ్దుల అనుభవమును పరిశీలించినచో, ఈ సేవలు మొదటి పరీక్షలో చాలవరకు నెగ్గినవనియు, రెండవదానిలో షరతులకు లోబడి నెగ్గినవనియు, మూడవదానిలో పలుమార్లు తప్పినవనియు తేలుచున్నది.

చరిత్ర

గణనశక్తిని టెలిఫోను సౌకర్యము వలె ప్రజోపయోగ సేవగా విక్రయించు కాలము రాగలదని అమెరికన్ శాస్త్రజ్ఞుడు జాన్ మెకార్తీ 1961లో, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ శతవార్షికోత్సవ సందర్భమున ఊహించెను. ఫైళ్ల నిల్వ విషయమున ఆ ఊహ కార్యరూపము దాల్చుటకు చాలకాలము పట్టినది. 1983లో కంప్యూసర్వ్ సంస్థ తన చందాదారులకు 128 కిలోబైట్ల చోటు ఇచ్చినది. నేడు ఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రమునకైనను అది చాలదు. 1990ల చివర ఇట్టి సేవలు మరికొన్ని పుట్టినను, టెలిఫోను తీగలపై నడచిన ఆనాటి ఇంటర్నెట్టు యొక్క మందగతి వాటిని ఎదగనీయలేదు.

2006 మార్చి 14న అమెజాన్ సంస్థ ఎస్3 అను నిల్వసేవను ప్రారంభించుటతో, స్వంత యంత్రములు కొనకయే చోటును అద్దెకు తీసికొను మార్గము ఇతర సంస్థలకు ఏర్పడినది. డ్రూ హ్యూస్టన్, అరాష్ ఫెర్దౌసీ అనువారు 2007లో స్థాపించిన డ్రాప్‌బాక్స్ మరుసటి యేట ప్రజలకు అందుబాటులోనికి వచ్చినది. అది చాలకాలము తన ఖాతాదారుల ఫైళ్లను అమెజాన్ యంత్రములయందే ఉంచెడిది. ఖాతాదారుడు ఎరిగిన సంస్థ ఒకటి, అతని ఫైళ్లు వాస్తవముగా నున్న సంస్థ మరియొకటి యగుట ఈ రంగమున నాటినుండి సామాన్యమే. 2007లో మొదలైన మైక్రోసాఫ్ట్ వారి స్కైడ్రైవ్ 2014లో వన్‌డ్రైవ్ అను పేరు దాల్చినది. 2011 అక్టోబరులో ఆపిల్ సంస్థ ఐక్లౌడ్‌ను, 2012 ఏప్రిలులో గూగుల్ సంస్థ డ్రైవ్‌ను వెలువరించినవి.

స్మార్ట్‌ఫోనుల వ్యాప్తి ఈ చరిత్రలో ఒక పెద్ద మలుపు. అంతవరకు ఫైలును పైకి పంపుట మనుష్యుడు తలచి చేయు పని. అటుపిమ్మట, ఫోను కొన్ననాడు ఒక్కసారి అంగీకారము తెలిపినచో, తీసిన ప్రతి ఛాయాచిత్రమును దానంతట అదియే సంస్థ యంత్రములకు చేరుచున్నది. అందువలన, ఏమి అప్పగించితిమో, ఎవరికి అప్పగించితిమో స్పష్టముగా ఎరుగని ఖాతాదారులు నేడు అసంఖ్యాకులు.

మన్నిక

ఈ సేవల మొదటి బలము వాటి నిర్మాణమునందే కలదు. ఒక ఫైలు సంస్థకు చేరినంతనే ఖండములుగా విభజింపబడి, కొన్ని ఖండములు నశించినను మిగిలినవానినుండి మొత్తమును పునర్నిర్మించుటకు వీలగునట్లు, గణితసంబంధమైన అదనపు సమాచారముతో కలిపి వేర్వేరు యంత్రములలో, తరచు వేర్వేరు భవనములలో చేర్చబడును. ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అను గణితజ్ఞులు 1960లో ప్రకటించిన సంకేతపద్ధతి ఇట్టి ఏర్పాట్లకు మూలములలో ఒకటి. ఎస్3లోని వస్తువు ఏడాదికాలము చెడక నిలుచు సంభావ్యతను 99.999999999 శాతముగా లక్ష్యించి రూపొందించితిమని అమెజాన్ చెప్పుకొనుచున్నది. కోటి వస్తువులు దాచినవాడు సగటున పదివేల సంవత్సరములకొక్కటి కోల్పోవునని దాని తాత్పర్యము. ఒకే హార్డ్ డిస్కును నమ్ముకొన్న గృహస్థుడు ఇట్టి మన్నికను సాధించుట కల్ల.

అయినను ఈ గణన యంత్రములు చెడుటను లెక్కించునే గాని, మనుష్యుల పొరపాట్లను, ఒకే స్థలమున సంభవించు విపత్తులను లెక్కింపదు. 2017 ఫిబ్రవరి 28న ఒక ఉద్యోగి ఆదేశమును తప్పుగా టైపు చేయుటచే ఎస్3 యొక్క ముఖ్యకేంద్రము కొన్ని గంటలు స్తంభించినది. ఫైళ్లు నశింపలేదు గాని, వానిపై ఆధారపడిన అనేక సేవలు ఆగిపోయినవి. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బుర్గ్ నగరమున ఓవీహెచ్ అను క్లౌడ్ సంస్థ యొక్క ఒక భవనము అగ్నికి ఆహుతి కాగా, ప్రతులను సైతము ఆ ఆవరణమునందే ఉంచుకొన్న ఖాతాదారులకు ఏమియు మిగులలేదు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియా ప్రభుత్వమునకు చెందిన డేజాన్ సమాచారకేంద్రమున బ్యాటరీలు అంటుకొని చెలరేగిన మంటలలో, ఉద్యోగులు తమ దస్తరములను దాచుకొను జీ-డ్రైవ్ అను నిల్వయందలి 858 టెరాబైట్ల సమాచారము నశించినది. నిల్వ మిక్కిలి పెద్దదను కారణమున దానికి వెలుపల ప్రతి ఉంచియుండలేదు. నిల్వ పెరుగుకొలది రెండవ ప్రతి యొక్క ఆవశ్యకత పెరుగవలసియుండగా, ఇచ్చట ఆ పెరుగుదలయే ప్రతిని మానుకొనుటకు హేతువైనది.

2024 మే మాసమున ఆస్ట్రేలియాలోని యూనిసూపర్ అను పింఛను నిధికి జరిగినది మరియొక విధమైన హెచ్చరిక. ఖాతాను ఏర్పాటు చేయునపుడు గూగుల్ క్లౌడ్ సిబ్బంది ఒక వివరమును ఖాళీగా విడుచుటచే, గడువు తీరినంతనే ఆ నిధి యొక్క సమాచారము, రెండు ప్రాంతములలోని ప్రతులతో సహా, దానంతట అదియే తొలగిపోయినది. వేరొక సంస్థ యొద్ద ఉంచుకొన్న ప్రతి ఆ నిధికి మిక్కిలి తోడ్పడినది. ఒక సంస్థ ఎన్ని ప్రతులు దాచినను అవన్నియు ఒకే ఖాతాకు, ఒకే ఆదేశమునకు లోబడియున్నంతకాలము, తొలగింపు విషయమున ఒక్క ప్రతితో సమానములే.

గృహస్థులలో ప్రబలియున్న ఒక భ్రమ ఇచ్చట ప్రస్తావింపదగియున్నది. డ్రాప్‌బాక్స్, వన్‌డ్రైవ్ వంటివి ముఖ్యముగా పలు పరికరములలోని ఫైళ్లను ఏకరూపముగా ఉంచునట్టివి. వీనిని బ్యాకప్ అని తలచుట సరికాదు. ఫోనులో తొలగించిన ఫైలు కంప్యూటరులోను తొలగును. దుష్ట సాఫ్ట్‌వేరు పాడుచేసిన ఫైలు పాడైన రూపముననే అన్ని చోట్లకు ప్రసరించును. తొలగినదానిని తిరిగి తెచ్చుకొనుటకు గూగుల్ డ్రైవ్ చెత్తబుట్ట ఇచ్చు గడువు 30 దినములు మాత్రమే.

గోప్యత

ఖాతాదారుని యంత్రము నుండి సంస్థ యంత్రమునకు పోవు మార్గమునను, అచ్చట నిలిచియున్నపుడును ఫైళ్లు గూఢలిపిలోనే ఉండునని ప్రధాన సంస్థలన్నియు హామీ ఇచ్చుచున్నవి, ఇది సత్యమే. కాని గూఢలిపిని విప్పు తాళపుచెవి ఎవరి చేతనున్నదనునదియే ముఖ్యము. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్ వంటి సేవలలోను, సాధారణ అమరికలో ఐక్లౌడ్‌నందలి ఛాయాచిత్రముల విషయమునను, ఆ చెవి సంస్థ యొద్దనే యుండును. కావున ఆ గూఢలిపి వెలుపలి దొంగను నిలువరించునే గాని, సంస్థను గాని, సంస్థను శాసింపగల ప్రభుత్వమును గాని నిలువరింపదు.

మన ధర్మశాస్త్రకారులు ఈ భేదమును వేరొక సందర్భమున చక్కగా గుర్తించియున్నారు. మనుస్మృతి వివాదములను పదునెనిమిది పదములుగా విభజించి, నిక్షేపమును, అనగా దాచుటకై పరునికి అప్పగించిన సొత్తును, ఋణము వెంటనే రెండవదిగా పేర్కొన్నది. లోపలనున్న ద్రవ్యమేమో తెలుపక, పేటికయందుంచి పరుని చేత పెట్టినదానిని యాజ్ఞవల్క్యుడు ఔపనిధికమని వేరుపరచి, దానిని ఉన్నది ఉన్నట్లుగనే తిరిగి ఇయ్యవలెనని విధించెను. ఖాతాదారుడు తన యంత్రమునందే గూఢలిపిలోనికి మార్చి, చెవిని తన యొద్దనే ఉంచుకొని పంపెడి ఫైలు ఈ ఔపనిధికపు తెగకు చెందినది. ప్రోటాన్ డ్రైవ్, ట్రెసోరిట్ వంటి సేవలు ఈ పద్ధతి ననుసరించుచున్నవి. ఆపిల్ సంస్థ 2022 డిసెంబరులో దీనిని ఐక్లౌడ్ ఖాతాదారులు కోరి ఎంచుకొను ఏర్పాటుగా ప్రవేశపెట్టినది. క్రిప్టోమేటర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో ఏ సేవయందైనను దీనిని అమలుపరచుకొనవచ్చును. ఇందు లోపములు లేకపోలేదు. చెవి పోగొట్టుకొన్నవానికి సంస్థ కూడ సాయపడజాలదు. పైగా ఆ గూఢలిపి రచన నిర్దుష్టమని సంస్థ చెప్పిన మాత్రమున నమ్మరాదు: ఇట్టి రక్షణనే ప్రకటించుకొన్న మెగా అను సేవయందు, సంస్థ యంత్రములను వశపరచుకొన్నవాడు ఖాతాదారుల చెవులను రాబట్టగల లోపములున్నవని జ్యూరిక్ నగరమందలి ఈటీహెచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో నిరూపించిరి.

దొంగతనముల చరిత్రను చూచినచో, సంస్థల అజాగ్రత్తయు ఖాతాదారుల అజాగ్రత్తయు తోడుదొంగలుగా కనిపించును. 2011 జూనులో ఒక మార్పు చేయునపుడు దొర్లిన తప్పువలన, ఏ సంకేతపదము టైపు చేసినను డ్రాప్‌బాక్స్ ఖాతాలు సుమారు నాలుగు గంటలపాటు తెరచుకొన్నవి. 2012లో ఆ సంస్థ ఉద్యోగి వేరొక చోట వాడిన సంకేతపదమునే ఇచ్చటను వాడుటచే దొంగలకు దారి దొరకినది. 6 కోట్ల 80 లక్షలకు పైగా ఖాతాల ఈమెయిలు చిరునామాలును, గుప్తరూపమున నున్న సంకేతపదములును అపహృతమైనవని 2016లో గాని లోకమునకు తెలియలేదు. 2014లో పలువురు హాలీవుడ్ నటీమణుల ఆంతరంగిక చిత్రములు వెలికి వచ్చినపుడు ఐక్లౌడ్ యంత్రములు ఛేదింపబడలేదు. మోసపు ఈమెయిళ్లతో సంకేతపదములనే కాజేసినట్లు దర్యాప్తులో తేలినది.

సంస్థయే లోపలికి చూచుట మరియొక సమస్య. బాలలపై లైంగిక దౌర్జన్యమునకు సంబంధించిన చిత్రములను పట్టుకొనుటకై పెద్ద సంస్థలు ఫైళ్లను యంత్రములచే పరీక్షించుచున్నవి. ఉద్దేశము ప్రశంసనీయమే; కాని సాన్ ఫ్రాన్సిస్కోలోని ఒక తండ్రి వైద్యునికి చూపుటకై తీసిన తన శిశువు యొక్క చిత్రమును గూగుల్ యంత్రములు నేరముగా భావించినవనియు, పోలీసులు అతనిని నిర్దోషిగా తేల్చిన పిమ్మటను ఖాతా తిరిగి రాలేదనియు 2022 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ పత్రిక వెల్లడించినది. ఇట్టి పరీక్షను ఫోనులోనే జరుపుటకు ఆపిల్ 2021లో తలపెట్టి, విమర్శలు చెలరేగగా మరుసటి యేట విరమించుకొన్నది.

ప్రభుత్వములు

ఎడ్వర్డ్ స్నోడెన్ 2013లో బయటపెట్టిన పత్రములు ఈ విషయమున లోకము కన్నులు తెరపించినవి. అమెరికా జాతీయ భద్రతా సంస్థ కంపెనీల నుండి చట్టము పేరిట సమాచారము తీసికొనుటయే గాక, గూగుల్, యాహూ సంస్థల కేంద్రములను కలుపు తంతులనుండి కూడ దానిని గ్రహించెడిదని ఆ పత్రములు తెలిపినవి. అటుపిమ్మట ఆ అంతర్గత మార్గములను సైతము సంస్థలు గూఢలిపితో రక్షించుకొన్నవి. 2018 మార్చిలో అమెరికా చేసిన క్లౌడ్ చట్టము ప్రకారము, ఆ దేశ న్యాయపరిధిలోని సంస్థ తన ఆధీనమందలి సమాచారమును, అది ఏ దేశమున నిలువయున్నను, చట్టబద్ధమైన ఆదేశమునకు లోబడి అప్పగింపవలెను. ఐక్లౌడ్‌నందలి గూఢలిపిని దాటి చూచుటకు వీలు కల్పింపవలెనని బ్రిటిష్ ప్రభుత్వము రహస్యముగా ఆజ్ఞాపించినదను వార్తలు వెలువడిన పిమ్మట, 2025 ఫిబ్రవరిలో ఆపిల్, చెవిని ఖాతాదారుని యొద్దనే ఉంచు పై ఏర్పాటును ఆ దేశమున కొత్తవారికి నిలిపివేసినది. భారతదేశమున 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము యొక్క 69వ విభాగము గూఢలిపిని విప్పి ఇయ్యుమని ఆజ్ఞాపించు అధికారమును ప్రభుత్వమునకు ఇచ్చుచున్నది; ఉల్లంఘించినవారికి ఏడేండ్లవరకు కారాగారవాసము.

స్వాధీనత

మూడు పరీక్షలలో సామాన్యుడు తక్కువగా తలచునదియు, ఎక్కువగా నష్టపోవునదియు ఇదియే. 2012 జనవరి 19న అమెరికా అధికారులు మెగాఅప్‌లోడ్ సేవను కాపీరైటు ఉల్లంఘన నేరారోపణపై స్తంభింపజేసినపుడు, న్యాయముగా తమ ఫైళ్లను అచ్చట దాచుకొన్నవారు సైతము వాటికి దూరమైరి. వాణిజ్య సంస్థలకు అల్లకల్లోలముగా తోచిన నిర్వానిక్స్ అను నిల్వసంస్థ పతనమున, 2013 సెప్టెంబరులో ఖాతాదారులకు సామాను సర్దుకొనుటకు లభించిన గడువు మొదట సుమారు రెండు వారములే. ధనబలమున్న సంస్థలును సేవలను మూసివేయును: అమెజాన్ డ్రైవ్ 2023 డిసెంబరు 31న ముగిసినది. అపరిమితమను వాగ్దానములు అంతకంటె అల్పాయుష్కములు. మైక్రోసాఫ్ట్ 2015లోను, గూగుల్ ఫోటోస్ 2021 జూన్ 1 నుండియు అట్టి వాగ్దానములను ఉపసంహరించుకొన్నవి. రెండేండ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించు విధానమును గూగుల్ 2023 డిసెంబరునుండి అమలుపరచుచున్నది. మరణించిన తల్లిదండ్రుల ఖాతాలలోని చిత్రములను భద్రమని తలచు కుటుంబములు దీనిని గమనింపవలెను. ఖాతాదారుని అనంతరము ఫైళ్లు ఎవరికి చెందవలెనో ముందుగా తెలుపు వీలును గూగుల్ 2013లోను, ఆపిల్ 2021లోను కల్పించినవి గాని, దానిని వినియోగించుకొనువారు అరుదు.

ఇన్ని నష్టములకు సంస్థల బాధ్యత యెంత యన్నచో, చాలవరకు స్వల్పమే. రాజు వలనను, దైవము వలనను, చోరుల వలనను పోయిన నిక్షేపమునకు దాచినవాడు బాధ్యుడు కాడని యాజ్ఞవల్క్యుడు మినహాయింపు నిచ్చెను. నేటి సేవానిబంధనలు ఈ మూడింటితో తృప్తిచెందక, సంస్థ యొక్క స్వంత పొరపాటుల వలన కలుగు నష్టమునకు సైతము పరిహారమును మిక్కిలి పరిమితము చేయుచున్నవి. నిక్షేపమును తన ఇచ్చవచ్చినట్లు వాడుకొన్నవాడు దండనీయుడని ఆ స్మృతియే చెప్పినది. ఈ విషయమున నేటి ఖాతాదారులును అంతే పట్టుదలతో నున్నారు. ఫైళ్లను చేరవేయు వీట్రాన్స్‌ఫర్ సంస్థ, కృత్రిమ మేధకు శిక్షణ నిచ్చుటకు వాటిని వాడుకొనునేమో యను అనుమానము కలుగునట్లు 2025 జూలైలో నిబంధనలు మార్చి, నిరసన వెల్లువెత్తగా వెంటనే సవరించుకొన్నది.

భారతదేశమునందలి స్థితి

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము 2017 ఆగస్టు 24న పుట్టస్వామి వ్యాజ్యమునందు తీర్పు చెప్పినది. దాని ఫలముగా 2023లో వెలసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, తగిన భద్రతను పాటింపని సంస్థలకు 250 కోట్ల రూపాయలవరకు జరిమానా విధించుచున్నది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడి, దశలవారీగా అమలులోనికి వచ్చునట్లు ఏర్పాటైనది. జరిమానా ప్రభుత్వమునకు చేరునే గాని, నష్టపోయినవానికి ఫైలును తిరిగి తెచ్చి ఇయ్యదు.

2015లో ఆరంభమైన ప్రభుత్వ డిజిలాకర్ ఈ సేవలకంటె భిన్నమైనది. డ్రైవింగ్ లైసెన్సు, మార్కుల జాబితా వంటివానిని జారీచేసిన శాఖ నుండియే నేరుగా తెచ్చి చూపుట దాని ముఖ్యోద్దేశము. అట్లు వచ్చిన పత్రములు అసలువానితో సమానములని 2017 నాటి నియమములు గుర్తించినవి. అసలు వివరము జారీచేసిన శాఖయందే యుండుటచే, అట్టి పత్రములకు నష్టభయము తక్కువ.

అమెజాన్ సంస్థ 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతమున తన కేంద్రసముదాయమును ప్రారంభించినది. విశాఖపట్టణమున ఐదేండ్లలో 1,500 కోట్ల డాలర్ల వ్యయముతో బృహత్తర సమాచారకేంద్రమును నిర్మింతుమని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించినది. కేంద్రములు దగ్గరైనంతమాత్రమున ఒక తెలుగు గృహస్థుని ఫైళ్లు వాటియందే యుండునని తలచుటకు వీలులేదు. ఉన్నను, యాజమాన్యము విదేశీయమైనపుడు విదేశచట్టముల ప్రసక్తి తప్పదు.

రక్షణోపాయములు

పీటర్ క్రోగ్ అను అమెరికన్ ఛాయాగ్రాహకుడు ప్రచారములోనికి తెచ్చిన 3-2-1 సూత్రము నేటికిని ఉత్తమమైనది: ప్రతి ముఖ్యమైన ఫైలునకు మూడు ప్రతులు, రెండు విధములైన సాధనములపై, ఒకటి ఇంటికి వెలుపల. క్లౌడ్ నిల్వ ఆ మూడవ ప్రతికి మిక్కిలి తగినది. మూడింటికిని బదులు కాజాలదు. ఆధార్, పాన్ కార్డులు, బ్యాంకు వివరములు, వీలునామాలు, వైద్యపత్రములు, పరులు చూచినచో హాని కలిగించు చిత్రములు ముందుగా స్వంత గూఢలిపిలోనికి మార్చిన పిమ్మటనే పైకి పంపదగినవి. ప్రతి ఖాతాకును వేరు సంకేతపదమును, దానికి తోడు రెండవ ధ్రువీకరణమును ఉంచుకొనవలెను. ఫోనుకు వచ్చిన ఓటీపీని అడిగినవానికి చెప్పినచో ఈ రక్షణలన్నియు వ్యర్థములు. గూగుల్ టేకౌట్ వంటి సాధనములతో ఏడాదికొకమారైనను మొత్తము ఫైళ్లను ఇంటి డిస్కునకు దింపుకొని, అవి తెరచుకొనుచున్నవో లేదో పరీక్షింపవలెను. తెరచి చూడని ప్రతిని ప్రతిగా లెక్కింపరాదు.

నిర్ణయము

క్లౌడ్ నిల్వ సేవలు ఫైళ్లను చెడక నిలుపుటలో సామాన్య గృహస్థునికంటె సమర్థములు. వానిని పరులనుండి మరుగుపరచుటలో, తాళపుచెవి ఎవరి చేతనుండునో అంతమేరకే విశ్వసనీయములు. వానిని తప్పక తిరిగి ఇచ్చుటలో ఏ సంస్థయు పూచీ పడుట లేదు. కావున వీనిని ఒక ప్రతికి కాపలాదారులుగా నియమించుకొనుట వివేకము. ఏకైక ప్రతిని అప్పగించుట అవివేకము.